ఏ పక్క కూర్చోవాలి? పడవలో, ట్రామ్‌లో, కాలినడకన ఇస్తాంబుల్

సభలోని పెద్దలకు, మిత్రులకు, కెమెరాలు మెడలో వేసుకుని వచ్చిన యువతీయువకులకు నమస్కారం. ఒక మహానగరాన్ని పడవ మీద, ట్రామ్‌లో, కాలినడకన చూడటం, చూసినదాన్ని ఫోటోగా తీయడం గురించి మాట్లాడమన్నారు. నేను ఇస్తాంబుల్‌ను తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నానో ముందే చెబుతాను. ఆ ఊళ్లో ఉద్యోగానికి వెళ్లే మనిషి పొద్దున్నే పడవ ఎక్కుతాడు, రేవులో దిగి ట్రామ్ పట్టుకుంటాడు, ట్రామ్ దిగి ఎత్తుగా సాగే సందులో నడిచి తన దుకాణం తలుపు తీస్తాడు. అంటే మనం చూడబోయే మూడు దారులూ ఆ ఊరి జనం రోజూ తిరిగే దారులే. వాళ్లు ప్రయాణం చేసే చోటే మనం చూస్తాం, వాళ్ల పక్కనే కూర్చుని చూస్తాం.

ఇస్తాంబుల్ వెళ్తున్నామని చెప్పి నా దగ్గరికి వచ్చేవారు దాదాపు అందరూ ఒకటే అడుగుతారు: ఏ లెన్స్ తీసుకెళ్లాలి అని. అడగవలసిన ప్రశ్నే. అయితే దానికంటే ముందు అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది. పడవలో ఏ పక్క కూర్చోవాలి? ఏ పూట కూర్చోవాలి? ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే మీ చేతిలో ఫోన్ ఉన్నా మంచి చిత్రం వస్తుంది. తెలియకపోతే ఎంత ఖరీదైన లెన్స్ ఉన్నా తెల్లబోయిన ఆకాశం, నల్లబడిన గోడలు, అంతే వస్తాయి. అందుకే నేను ఈ రోజు పరికరాల గురించి తక్కువగా, ఎండ ఎటునుంచి పడుతుందన్న సంగతి గురించి ఎక్కువగా మాట్లాడతాను.

దానికి ముందుగా ఊరి ఆకారం మనసులో ఉండాలి. ఉత్తరాన నల్ల సముద్రం, దక్షిణాన మర్మరా సముద్రం. ఈ రెండింటినీ కలుపుతూ సుమారు ముప్పై కిలోమీటర్ల పొడవున బోస్ఫరస్ జలసంధి. దానికి పడమటి ఒడ్డు యూరప్, తూర్పు ఒడ్డు ఆసియా. యూరప్ ఒడ్డులోకి ఒక సన్నని పాయ చొచ్చుకుపోతుంది, దాన్ని గోల్డెన్ హార్న్ అంటారు, స్థానికులు హలిచ్ అంటారు. ఆ పాయకు దక్షిణాన ఉన్న భూభాగమే పాత నగరం. అయా సోఫియా, సుల్తాన్ అహ్మెద్ మసీదు, తోప్‌కాపి రాజప్రాసాదం, సులేమానియే మసీదు, అన్నీ అక్కడే ఉన్నాయి. ఆ పాత నగరానికి మూడు వైపులా నీళ్లున్నాయి. గమనించండి, మూడు వైపులా నీళ్లే. నీటి మీద నిలబడి చూస్తే తప్ప ఆ నగరం ఒక్క చూపులో అందదు.

అందుకని పడవతో మొదలుపెడతాను. ఇక్కడ కాసేపు ఆగుతాను కూడా, ఎందుకంటే అసలు సంగతి అంతా ఇక్కడే ఉంది.

పాత నగరపు అంచునున్న ఎమినొను రేవు నుంచి బోస్ఫరస్ పొడవునా నల్ల సముద్రపు ముఖద్వారం దాకా వెళ్లి వచ్చే పెద్ద పడవ ఒకటి ఉంది. ఉదయం బయలుదేరుతుంది, అనాదొలు కవాయి అనే చివరి రేవులో కొన్ని గంటలు ఆగుతుంది, మధ్యాహ్నం దాటాక తిరిగి వస్తుంది. ఇప్పుడు చెప్పండి, ఈ పడవలో ఏ పక్క కూర్చోవాలి? వెళ్లేటప్పుడు మన ముఖం ఉత్తరానికి ఉంటుంది. ఎడమ పక్క యూరప్ ఒడ్డు. ఉదయపు ఎండ తూర్పు నుంచి వచ్చి ఆ ఒడ్డు మీద నేరుగా పడుతుంది. 1856లో పూర్తయిన దొల్మాబాచే ప్రాసాదపు తెల్లని ముఖభాగం, ఆ తర్వాత ఒర్తాకొయ్ మసీదు, దాని మీదుగా 1973లో తెరిచిన మొదటి బోస్ఫరస్ వంతెన, ఇంకా పైకి పోతే 1452లో సుల్తాన్ రెండవ మెహ్మెద్ కట్టించిన రూమెలి హిసారి కోట బురుజులు, ఇవన్నీ వెలుగులో ఉంటాయి. కనుక ఎడమ పక్క కూర్చోవాలి. మరి తిరిగి వచ్చేటప్పుడు? మన ముఖం దక్షిణానికి తిరుగుతుంది. ఎడమ పక్కకు ఆసియా ఒడ్డు వస్తుంది. అప్పటికి పొద్దు పడమటికి వాలి, ఎండ ఆసియా ఒడ్డు మీద పడుతుంది. నీటి అంచునే కట్టుకున్న పాత చెక్క భవంతులు, వాటిని అక్కడ యాలీలు అంటారు, ఆ ఎండలో ఎర్రగా, తెల్లగా, లేత పసుపుగా మెరుస్తాయి. కనుక తిరుగు ప్రయాణంలో కూడా ఎడమ పక్కే కూర్చోవాలి. వెళ్లేటప్పుడూ ఎడమే, వచ్చేటప్పుడూ ఎడమే. వెనకనున్న మిత్రులకు కూడా వినిపించిందనుకుంటాను, ఇది రాసిపెట్టుకోవలసిన మాట.

రూమెలి హిసారి దగ్గర జలసంధి బాగా ఇరుకవుతుంది, అక్కడ దాని వెడల్పు సుమారు 700 మీటర్లు. కోట అక్కడే ఎందుకు కట్టారో పడవలో కూర్చుంటే చెప్పకుండానే అర్థమవుతుంది. ఎదుటి ఒడ్డున అంతకుముందే కట్టిన ఇంకో కోట ఉంది. రెండు కోటల మధ్య నుంచి పోయే ఏ ఓడా తప్పించుకోలేదు. ఆ మరుసటి సంవత్సరమే, 1453లో, నగరం సుల్తాన్ మెహ్మెద్ వశమైంది. ఇటువంటి చోట ఫోటో తీసేటప్పుడు బురుజును ఒక్కదాన్నే పెద్దదిగా చేసి తీయకండి. దాని కింద ఎప్పుడూ ఒక చేపల పడవో, సరుకు ఓడో పోతూ ఉంటుంది. దాన్ని కూడా చట్రంలోకి రానివ్వండి. కోట ఎంత ఎత్తో, నీరు ఎంత ఇరుకో అప్పుడే చూసేవారికి తెలుస్తుంది.

ఈ పెద్ద ప్రయాణానికి సమయం లేనివారు ఏం చేయాలి? ఏమీ దిగులు పడనవసరం లేదు. ఎమినొను నుంచి ఆసియా ఒడ్డునున్న కడికొయ్‌కు వెళ్లే మామూలు ఫెర్రీ ఎక్కండి. అరగంటలోపు ప్రయాణం. ఇస్తాంబుల్‌కార్ట్ అనే ఒకే కార్డు పడవకు, ట్రామ్‌కు, మెట్రోకు అన్నిటికీ పనిచేస్తుంది. నన్ను అడిగితే, మొత్తం నగరంలో ఫోటోగ్రాఫర్‌కు ఇంత ఇచ్చే అరగంట ఇంకొకటి లేదు. పడవ పాత నగరపు అంచునున్న సరాయ్‌బర్ను కొన దాటి మలుపు తిరుగుతుంది. ఉదయం పూట అయితే కుడి పక్కన, వెనుక భాగంలో నిలబడండి. తూర్పు వెలుగు పాత నగరం మీద పడుతూ ఉంటుంది. చెట్ల మధ్య తోప్‌కాపి పొగగొట్టాలు, వాటి వెనుక 537లో కట్టిన అయా సోఫియా గుమ్మటం, దాని పక్కన సుల్తాన్ అహ్మెద్ మసీదు ఆరు మినార్లు ఒక్కొక్కటిగా బయటపడతాయి.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. పడవ కదులుతున్నకొద్దీ అయా సోఫియా, సుల్తాన్ అహ్మెద్ ఒకదాని మీదికి ఒకటి జరుగుతున్నట్టు కనిపిస్తాయి. కొంతసేపు మినార్లు కలిసిపోయి గుబురుగా ఉంటాయి. ఇంకొంత దూరం పోగానే విడిపోతాయి, మధ్యలో ఆకాశం కనిపిస్తుంది. ఆ ఆకాశపు చీలిక కనిపించినప్పుడే తీయాలి. ఒడ్డు మీద నిలబడితే ఈ అవకాశం ఉండదు, ఎందుకంటే ఒడ్డు కదలదు. పడవ మనకు ఇచ్చే పెద్ద వరం ఇదే: మనం కదలకుండా నిలబడినా మన దృష్టికోణం మారుతూ ఉంటుంది. అందుకే పడవ ఎక్కిన వెంటనే గబగబా తీసేసి కూర్చోకండి. కెమెరా కంటి దగ్గర పెట్టుకుని కనిపెట్టుకుని ఉండండి.

సాయంత్రం సంగతి వేరు. సాయంత్రం కడికొయ్ నుంచి తిరిగి వస్తుంటే సూర్యుడు పాత నగరం వెనుక ఉంటాడు. గుమ్మటాలు, మినార్లు నల్లని ఆకారాలుగా మారతాయి. అప్పుడు ముందు భాగంలో, ఎడమ పక్క ఉండాలి. ఎక్స్‌పోజర్, అంటే కెమెరాలోకి ఎంత వెలుగు రానివ్వాలన్నది, ఆకాశాన్ని చూసి పెట్టుకోవాలి, భవనాల్ని చూసి కాదు. మీలో లెక్కలంటే ఇష్టమున్నవారి కోసం ఇంకో మాట. సూర్యుడు ఏడాది పొడవునా ఒకే చోట అస్తమించడు. ఇస్తాంబుల్ 41 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అక్కడ జూన్‌లో సూర్యుడు వాయవ్యానికి జరిగి అస్తమిస్తాడు, డిసెంబర్‌లో నైరుతికి జరిగి అస్తమిస్తాడు. ఇప్పుడు పటం తెరిచి చూడండి. కడికొయ్ నుంచి పాత నగరం వాయవ్యాన ఉంది. అదే ఆసియా ఒడ్డున ఇంకా ఉత్తరానున్న ఉస్కుదార్ తీరం నుంచి చూస్తే నైరుతిలో ఉంది. కనుక వేసవిలో వెళ్లినవారు సూర్యాస్తమయానికి కడికొయ్ వైపు ఉండాలి. చలికాలంలో వెళ్లినవారు ఉస్కుదార్ వైపు, సలాజాక్ ఒడ్డున ఉండాలి. నీటి మధ్యనున్న కిజ్ కులేసి అనే చిన్న బురుజు కూడా అక్కడ ఎదురుగానే ఉంటుంది. అయా సోఫియా గుమ్మటం వెనుకకే సూర్యుడు దిగే రోజులు ఆ రెండు చోట్లా ఉంటాయి. కడికొయ్ నుంచి దూరం సుమారు నాలుగు కిలోమీటర్లు కాబట్టి అక్కడ మాత్రం పొడవైన లెన్స్ ఉంటే బాగుంటుంది, 200 మిల్లీమీటర్లు, అంతకంటే ఎక్కువైనా మంచిదే.

పడవలో పాటించవలసినవి రెండు మూడు ఉన్నాయి, త్వరగా చెప్పేస్తాను. మోచేతుల్ని కమ్మీకి ఆనించకండి, ఇంజిన్ అదురు నేరుగా కెమెరాలోకి వస్తుంది. మోకాళ్లు కొద్దిగా వదులుగా పెట్టి నిలబడండి. షట్టర్ వేగం, అంటే కెమెరా తెర తెరుచుకుని ఉండే సమయం, 1/500 సెకను కంటే తగ్గనివ్వకండి. పడవ వెంట సముద్రపు కాకులు వస్తాయి, జనం రొట్టె ముక్కలు విసురుతారు, అవి గాలిలోనే అందుకుంటాయి. వాటి కోసం 1/1000 దాకా వెళ్లండి.

ఇంకొకటి మాత్రం త్వరగా చెప్పను. పడవ రేవుకు చేరుతున్నప్పుడు అందరూ దిగడానికి తలుపు దగ్గరకు తోసుకుంటారు. మీరు తోసుకోకండి. పై డెక్కు మీదనే ఉండి కిందికి చూడండి. పడవ ఇంకా కదులుతుండగానే ఒక మనిషి చేతిలో లావుపాటి మోకు చుట్ట పట్టుకుని అంచున నిలబడతాడు. రేవు మీదున్న ఇనుప గుంజ మీదికి ఆ మోకు ఉచ్చు విసురుతాడు. ఉచ్చు గుంజ మెడలో పడుతుంది. మోకు బిగుసుకుంటూ నీళ్లు చిమ్ముతుంది, కిర్రుమంటుంది. పడవ బరువంతా ఒక్క క్షణం దాని మీద ఆగుతుంది. వెంటనే చెక్క పలకలు రేవుకూ పడవకూ మధ్య దడదడమని పడతాయి, జనం వాటి మీద నుంచి నడిచిపోతారు. ఈ పని ఆ ఊళ్లో తరాలుగా జరుగుతోంది. బోస్ఫరస్ మీద పడవలు నడిపిన పాత కంపెనీ, షిర్కెతి హైరియె, 1851లోనే మొదలైంది. మసీదుల గుమ్మటాలు తీయండి, వద్దనను. కానీ ఆ మోకు బిగుసుకునే క్షణాన్ని కూడా తీయండి. ఇస్తాంబుల్ నీటి మీద బతికే ఊరు అన్న మాట ఆ చిత్రంలో కనిపించినంత స్పష్టంగా గుమ్మటాల్లో కనిపించదు.

ఇక ట్రామ్‌కు వద్దాం. ఇస్తాంబుల్‌లో గుర్రపు ట్రామ్ 1871లో వచ్చింది, విద్యుత్ ట్రామ్ 1914లో వచ్చింది. 1960ల నాటికి పాత ట్రామ్‌లన్నీ ఆపేశారు, యూరప్ ఒడ్డున 1961లో, ఆసియా ఒడ్డున 1966లో. ఆ తర్వాత 1990లో ఇస్తిక్లాల్ వీధిలో పాత పెట్టెలతోనే ఎర్ర ట్రామ్‌ను తిరిగి తెచ్చారు. 1992 నుంచి పాత నగరంలో ఆధునిక ట్రామ్ నడుస్తోంది, దాన్ని టీ1 అంటారు. కబతాష్ నుంచి కరాకొయ్, గలాతా వంతెన, ఎమినొను, సిర్కెజి, గుల్హానే, సుల్తాన్ అహ్మెద్, బెయాజిత్ మీదుగా పోతుంది.

ట్రామ్‌లో కూర్చుని ఫోటోలు తీయాలా? నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను: తీయడానికి ప్రయత్నించకండి. లోపల జనం కిక్కిరిసి ఉంటారు, అద్దాల్లో ప్రతిబింబాలు పడతాయి. తీసి తీరాలనిపిస్తే లెన్స్‌ను అద్దానికి ఆనించినంత దగ్గరగా పెట్టి, చుట్టూ ముదురు రంగు గుడ్డ కప్పండి. అంతకంటే ట్రామ్‌లో చేయవలసిన మంచి పని చూడటం. కిటికీ పక్క నిలబడి, ఏ వీధి మూలలో ఎండ పడుతోంది, ఏ గోడ నీడలో ఉంది, ఎక్కడ జనం ఆగుతున్నారు, ఇవన్నీ గుర్తుపెట్టుకోండి. తర్వాత దిగి నడిచి రండి.

ట్రామ్‌ను బయటి నుంచి తీయడం మాత్రం గొప్ప ఆనందం. గుల్హానే దాటాక వీధి ఇరుకవుతుంది, పట్టాలు వంపు తిరుగుతూ ఎత్తుకు పోతాయి. ఆ వంపులో, కాలిబాట మీద గోడకు ఆనుకుని నిలబడి, 1/20 సెకను దగ్గర షట్టర్ పెట్టుకుని, వస్తున్న ట్రామ్‌తో పాటు కెమెరాను తిప్పండి. కిటికీలోని ముఖం నిలుస్తుంది, వీధి చెరిగిపోతుంది. పది తీస్తే ఒకటి కుదురుతుంది, దానికి నిరాశపడకూడదు. కానీ దయచేసి పట్టాల మీదికి దిగకండి. ఈ ట్రామ్‌లు చప్పుడు లేకుండా వస్తాయి. ఎంత మంచి చిత్రమైనా మనిషి కంటే విలువైనది కాదు.

ట్రామ్ తీగల గురించి కూడా చాలామంది విసుక్కుంటారు, మసీదు ముందు ఆకాశమంతా గీతలే అని. గోల్డెన్ హార్న్ ఒడ్డున ఎమినొను నుంచి పోయే టీ5 మార్గంలో ఆ ఇబ్బంది లేదు. అక్కడ కరెంటు నేల నుంచే అందుతుంది, పైన తీగలు లేవు. ఒక పక్క నీరు, ఒక పక్క పాత ఇళ్లు, మధ్యలో ట్రామ్, శుభ్రమైన ఆకాశం. ఫెనెర్, బలాత్ పేటలకు కూడా అదే దారి.

ఇప్పుడు కాలినడక. పాత నగరం కొండల మీద కట్టినది. ఇస్తాంబుల్‌ను నడిచి చూడాలనుకునేవారికి నేను చెప్పే మొదటి మాట: ట్రామ్‌లో ఎక్కండి, కాళ్లతో దిగండి. టీ1లో బెయాజిత్ దాకా పోయి దిగండి. అక్కడి నుంచి సులేమానియేకు నడవండి. సినాన్ అనే మహా వాస్తుశిల్పి 1557లో పూర్తి చేసిన మసీదు అది. దాని వెనుక చప్టా మీద నిలబడితే కింద గోల్డెన్ హార్న్, గలాతా వంతెన, అవతలి ఒడ్డున 1348లో జెనోవా వర్తకులు కట్టిన గలాతా బురుజు, అన్నీ ఒక్కసారిగా కనిపిస్తాయి. పొద్దున పడవలో నుంచి మీరు ఇటు చూశారు, ఇప్పుడు ఇక్కడి నుంచి అటు చూస్తున్నారు. అక్కడి నుంచి సందులు కిందికి, నీటి వైపు దిగుతాయి. దిగుతూ ఉంటే ప్రతి సందు చివరా రెండు గోడల మధ్య కొద్దిగా సముద్రం కనిపిస్తుంది. ఎక్కుతూ పోతే ఇది కనిపించదు, ఆయాసం మాత్రం మిగులుతుంది.

ఈ దిగే దారిలో ఉజున్‌చార్షి అనే వర్తకుల వీధి ఉంది. ఇత్తడి, చెక్క, ప్లాస్టిక్, తాళ్లు, తక్కెడలు, ఇవన్నీ అమ్మే పని వీధి. ఇక్కడ లెన్స్ చిన్నది పెట్టుకోండి, 35 మిల్లీమీటర్లు చాలు. దూరం నుంచి దొంగచాటుగా ఎవరినీ తీయకండి. దగ్గరకు వెళ్లండి. పని చేసుకుంటున్నవారిని అక్కడివాళ్లు ‘కొలాయ్ గెల్సిన్’ అని పలకరిస్తారు. ఆ పలకరింపు నేర్చుకుని వెళ్లండి, తర్వాత కెమెరా చూపించి కళ్లతో అడగండి. వద్దంటే నవ్వి ముందుకు సాగండి. సరేనంటే వెంటనే తీయకండి. ఆయన తన పనిలో మళ్లీ పడేదాకా ఆగండి.

ఈ వీధుల్లో టీ మోసుకెళ్లే కుర్రవాడు మీకు తప్పకుండా ఎదురవుతాడు. గుండ్రని పళ్లెం, దానికి మూడు లోహపు ఊచలు, పైన అవి కలిసే చోట ఒక కొక్కెం. ఆ కొక్కేన్ని వేలికి తగిలించుకుని, నడుము సన్నని గాజు గ్లాసుల నిండా టీ పోసుకుని, ఒక్క చుక్క ఒలకకుండా జనంలో దూసుకుపోతాడు. ఎండ ఆ గ్లాసు గుండా వచ్చినప్పుడు టీ కెంపులా ఎర్రగా వెలుగుతుంది. ముఖం కూడా అవసరం లేదు. ఆ చేయి, ఆ పళ్లెం, ఆ ఎరుపు చాలు. వెలుగు గ్లాసు వెనుక నుంచి రావాలి, అంటే మీరు ఎండకు ఎదురుగా నిలబడాలి. చూశారా, ఇక్కడ కూడా ప్రశ్న అదే: ఏ పక్క నిలబడాలి?

కిందికి చేరేసరికి రుస్తెమ్ పాషా మసీదు వస్తుంది. అది దుకాణాల పైఅంతస్తులో ఉంది, ఇరుకైన మెట్లెక్కి వెళ్లాలి. లోపల గోడలన్నీ ఇజ్నిక్ అనే ఊళ్లో చేసిన నీలి పలకలే. మసీదుల్లో ఫ్లాష్ వెలిగించకండి, ప్రార్థన వేళ లోపల తిరగకండి, ప్రార్థన చేస్తున్న మనిషి వైపు కెమెరా తిప్పకండి. శుక్రవారం మధ్యాహ్నం అసలు ఆ ఆలోచనే పెట్టుకోవద్దు.

నడక గురించి ఇంకో పేట పేరు చెప్పి ముందుకు వెళ్తాను. ఫెనెర్, బలాత్ గోల్డెన్ హార్న్‌కు నైరుతి ఒడ్డున, ఈశాన్యానికి తిరిగి ఉన్నాయి. అంటే వాటి రంగుల ఇళ్ల మీద వెలుగు ఉదయమే పడుతుంది. మధ్యాహ్నం వెళ్లి రంగులు లేవని అనుకోకండి. ఆ ఇళ్లలో మనుషులు కాపురముంటున్నారు. గుమ్మాల్లో కూర్చుని, మెట్ల మీద ఎక్కి ఫోటోలు దిగే గుంపుల వల్ల వాళ్లకు ఇబ్బందిగా ఉంది. ఒక వీధిలో ఎక్కువసేపు నిలబడితే మాట కలపండి, గుంపుగా మాత్రం వెళ్లకండి. ఇస్తాంబుల్ కన్ను అని పేరు తెచ్చుకున్న అరా గులెర్, 1928లో పుట్టి 2018లో కన్నుమూసిన మహానుభావుడు, అదే ఊళ్లో పుట్టి అదే ఊరి మత్స్యకారుల్ని, కూలీల్ని, ట్రామ్ ఎదురుచూసే జనాన్ని జీవితమంతా తీశాడు. ఆయన చిత్రాల్లో మసీదు మనిషి వెనుక ఉంటుంది. వెళ్లేముందు ఆ నలుపు తెలుపు చిత్రాలు శ్రద్ధగా చూడమని యువతకు ప్రత్యేకంగా చెబుతున్నాను.

చీకటి పడే వేళ గలాతా వంతెన మీదికి రండి. పైన గాలాలు వేసే జనం వరసగా నిలబడి ఉంటారు, వాళ్ల వెనుక నుంచి ట్రామ్ పోతుంది, కింద నుంచి పడవలు పోతాయి. సూర్యుడు దిగిన ఇరవై, ముప్పై నిమిషాల తర్వాత ఆకాశం ముదురు నీలంగా మారుతుంది, సులేమానియే దీపాలు ఆ నీలానికి సరితూగుతాయి. ఆ కొద్ది నిమిషాలే పని. ట్రైపాడ్ పెట్టుకున్నవారు ఒక్కటి గుర్తుంచుకోండి: ట్రామ్ వెళ్లినప్పుడు వంతెన కంపిస్తుంది. అది పూర్తిగా దాటి వెళ్లాకే షట్టర్ నొక్కండి. రంజాన్ నెలలో వెళ్తే, పెద్ద మసీదుల మినార్ల మధ్య దీపాలతో అక్షరాలు కడతారు, వాటిని మహ్యా అంటారు. దాన్ని తీయడానికి కూడా ఇదే వేళ.

చివరగా వాతావరణం. చలికాలమని భయపడి మానుకునేవారున్నారు. డిసెంబర్‌లో అక్కడ నడి మధ్యాహ్నం కూడా సూర్యుడు సుమారు 27 డిగ్రీల ఎత్తుకు మించి లేవడు. అంటే రోజంతా ఏటవాలు ఎండే. వేసవిలో ఆ వెలుగు కోసం తెల్లవారుజామున లేవాలి. ఈశాన్యం నుంచి పొయ్‌రాజ్ గాలి వీస్తే గాలి తేటపడి దూరపు మినార్లు కూడా గీసినట్టు కనిపిస్తాయి; ఆ రోజు పడవ వదలకండి. దక్షిణపు గాలి, లోదోస్ అంటారు, అది వీస్తే మర్మరా అల్లకల్లోలమై పడవలు రద్దవుతాయి. రద్దయిన రోజున రేవులో నిలబడి ఎదురుచూడకండి. టీ1 ఎక్కి కరాకొయ్‌లో దిగండి. 1875లో తెరిచిన ట్యూనెల్ అనే భూగర్భ రైలు అక్కడి నుంచి మిమ్మల్ని కొండ మీదికి, ఇస్తిక్లాల్ వీధి మొదటికి చేర్చుతుంది. వాన పడుతుంటే ఇంకా మంచిది. ఎర్ర ట్రామ్ దీపం తడి రాళ్ల మీద పొడవుగా పడుతుంది, దాన్ని ఎదురుగా కాకుండా వీధి అంచున, నేలకు దగ్గరగా కూర్చుని తీయండి. ఇక మీ ప్రశ్నలకు వెళ్దాం. పటం ఇక్కడ బల్ల మీద పెడుతున్నాను, ఏ నెలలో వెళ్తున్నారో చెప్పి అడగండి.